పలకమ్మ వెతికిన ప్లేటు

పాత రికార్డుల కొట్లలో ఆమెను పలకమ్మ అనేవాళ్ళు. మెడకు పల్చటి గుడ్డ చుట్టుకుని, చిన్నపిల్లలు గీసి చెరుపుకునే ప్లాస్టిక్ పలకొకటి చంకలో పెట్టుకుని, షట్టరు ఎత్తే వేళకల్లా గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. పలకరింపుల్లేవు, మంచీచెడ్డా లేదు. పలక మీద “డాన్సువి” అని రాసి చూపించేది. జుట్టు ముప్పాతిక నెరిసిన మనిషి, కుర్రకారు ఒళ్ళు మరిచి ఎగిరే డాన్సు రికార్డులు అడుగుతుంటే కొట్లవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. మనవడి కోసమేమోనని ఒకడనేవాడు, మతి చలించిందేమోనని ఇంకొకడు. ఆమెనే అడగొచ్చు కదా అంటారేమో. అడిగినా చెప్పడానికి ఆమెకు గొంతు లేదు. మాటవరసకు అంటున్నది కాదు. జబ్బు చేస్తే డాక్టర్లు స్వరపేటిక మొత్తం కోసి తీసేశారు.

విచిత్రమేమిటంటే, అంతకుముందు ఆ నగరంలో ఆమె గొంతు పడని చెవి లేదు. సిటీ రైళ్ళలో స్టేషన్ల పేర్లు చెప్పే గొంతు ఆమెదే. ఏ రైలు ఎటు పోతుందో, ఏది ఆలస్యమో, తలుపుల దగ్గర ఎలా నడుచుకోవాలో అన్నీ ఆమే చెప్పేది. మనిషిని ఎరిగినవాళ్ళు లేరు, గొంతును ఎరగనివాళ్ళు లేరు. కూరగాయల కొట్లో ఆమె నోరు తెరిచి “అరకిలో” అనగానే కొట్టువాడు ఎక్కడో విన్నట్టుందే అని తలెత్తి చూసేవాడు. ఆమె పైకి ఏమీ ఎరగనట్టు నిలబడి లోలోపల మురిసిపోయేది. మురిసిపోదూ మరి!

ఆ పని చేసే తీరే వేరు. గోడలకు మెత్తటి దళసరి గుడ్డ కొట్టిన ఇరుకు గదిలో కూర్చోబెట్టి ఒక్కొక్క ముక్కా విడివిడిగా చెప్పించేవాళ్ళు. అంకెలు వేరు, స్టేషన్ల పేర్లు వేరు, ‘దయచేసి’ వేరు. ప్రతి ముక్కనూ రెండు రకాలుగా చెప్పాలి. వాక్యం మధ్యలో పడితే ఒక తీరు, చివర పడితే ఒక తీరు. ఆ తరవాత యంత్రం ఎలా కావలిస్తే అలా అతుక్కుంటుంది. అద్దం అవతల కూర్చునే రికార్డింగు పెద్దాయన మొదట్లోనే చెప్పాడు.

“అమ్మాయ్, మాటలో మనసు పెట్టకు. పెట్టావా, ఆ ముక్క ఇంకో ముక్కతో అతకదు. అర్థం సంగతి వినేవాళ్ళు చూసుకుంటారు. నువ్వు శబ్దం చూసుకో, చాలు.”

ఆమె అలాగే చూసుకుంది. అంట్లు తోమి బోర్లించినట్టు ఒక్కో మాటనూ శుభ్రంగా పలికి పక్కన పెట్టేది. అలా ఏళ్ళ తరబడి చేసేసరికి, తన గొంతు వినిపిస్తే అందులో ‘శ’ సరిగ్గా పడిందా, ఊపిరి తెగిందా అనే తప్ప అదేం చెబుతోందో ఆమెకు పట్టేది కాదు. ఒకసారి తను ఎక్కిన రైల్లో తన గొంతే తలుపులు జాగ్రత్త అని చెబుతుంటే, తోటి ప్రయాణికులంతా బుద్ధిగా జరిగారు. ఈవిడ మాత్రం కళ్ళు మూసుకుని ఆ పలుకుబడికి తలూపుతూ నిలబడింది. భుజాన ఉన్న సంచి పట్టీ తలుపులో ఇరుక్కుని తరవాతి స్టేషను దాకా తలుపుకు అతుక్కునే ప్రయాణం చేసింది. ఇంటికొచ్చి కూతురికి చెప్పి కడుపుబ్బ నవ్వింది. నవ్వడానికి అప్పుడు గొంతు ఉంది.

గొంతు పోయినప్పుడు ఆమె ఏడవలేదు. చప్పుడే రాని ఏడుపు ఎందుకు? మెడ ముందు భాగంలో చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి దాని గుండానే. అది కనబడకుండా గుడ్డ కట్టుకోవడం అలవాటు చేసుకుంది. మాట్లాడటానికి టార్చిలైటంత పరికరం ఒకటిచ్చారు. దాన్ని మెడకు ఆనించి పెదాలు కదిపితే మాట వస్తుంది. మాటంటే మన మాట కాదు, రేకు డబ్బాలో పడ్డ తుమ్మెద రొద. ఎత్తూ పల్లం లేదు, మధ్యలో పడే తీరూ చివర పడే తీరూ లేదు. అన్ని మాటలదీ ఒకటే దారి.

ఆపరేషను తరవాత కొన్నాళ్ళకు కూతురికి ఆడపిల్ల పుట్టింది. అల్లుడి ఉద్యోగం ఓడల మీద, ఇంట్లో ఉండేది తక్కువ. కూతురు కళ్ళజోళ్ళ కొట్లో పని చేసేది. చిన్నదాన్ని చూసుకునేది అమ్మమ్మే అనుకున్నారు. ఉయ్యాల మీదికి వంగి, పరికరం మెడకు ఆనించి, ఎంతో ప్రేమగా “బంగారం” అన్నది ఆమె. చిన్నది గుక్కపట్టింది. మొహం నల్లబడేదాకా గుక్క తిప్పుకోలేదు. పెద్దయితే అదే పోతుందనుకున్నారు. పోలేదు సరికదా, నడక వచ్చాక పరికరం కనబడితే పారిపోవడం, మాటలు వచ్చాక “జుయ్ వద్దు, జుయ్ వద్దు” అని తల్లి వెనక నక్కడం నేర్చుకుంది. పరికరం వాడటం మానేసి సంచి అడుగున దాచేసినా లాభం లేకపోయింది. ఇప్పుడు ఆ మెడ గుడ్డను చూసినా అంతే. పలక మీద రాసి చూపిద్దామంటే పిల్లకు చదువు రాదు. ఆ ఇంట్లో ఆ ఇద్దరి మధ్యా మాటనేది లేదు.

“అమ్మా, నువ్వు మనసు కష్టపెట్టుకోకు,” అంది ఒకనాడు కూతురు, పళ్ళెం కడుగుతూ వెనక్కి తిరగకుండానే. “పిల్లల్ని పగలంతా ఉంచుకునే చోటొకటి చూశాను. దీన్ని అక్కడ వేసేస్తాను. నీ దగ్గర వదిలి వెళ్తే ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంటోంది. పక్కింటావిడ మొన్న నన్ను మెట్ల దగ్గర ఆపి, ఏం చేస్తున్నారమ్మా ఆ పిల్లని అని అడిగింది. నేనేం చెప్పను?”

ఆమె పలక మీద రాసింది. “కొన్నాళ్ళు ఆగు.”

“ఆగితే ఏమవుతుందమ్మా?”

దానికి ఆమె దగ్గర జవాబు ఉంది గానీ పలకలో పట్టదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన అసలు గొంతు పిల్ల చెవిన పడితే, ఈ ముసలిదాని లోపల ఉన్నది మనిషేనని దానికి తెలుస్తుంది. తెలిశాక భయం అదే పోతుంది. అంతకన్నా ఆమెకు ఈ లోకంలో కావలసింది ఇంకేమీ లేదు.

మరి ఆ గొంతు ఎక్కడుంది? రైళ్ళ ఆఫీసుకు పోయి అడిగింది. కొత్త అమ్మాయి చేత కొత్తగా చెప్పించాం, పాతవి చెరిపేసి ఆ టేపులే వాడుకున్నాం అన్నారు. నొచ్చుకుంటూ కూడా అనలేదు. ఇంట్లో కూతురి పెళ్ళి వీడియో ఉంది. దాంట్లో అందరి నోళ్ళూ కదులుతాయి, వినిపించేది మాత్రం వీడియోవాడు మొదటినుంచీ చివరిదాకా అంటించిన పాటలే. ఇప్పటిలా చేతికో ఫోను ఉన్న రోజులు కావు. గొంతు తన దగ్గరే ఉన్నంతకాలం దాన్ని పెట్టెలో దాచుకోవాలని ఎవరికి తోస్తుంది చెప్పండి.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మంగలి షాపు ముందు నుంచి నడిచి వెళ్తుంటే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. లోపల రేడియో మోగుతోంది. డప్పుల మోత, దాని కింద గుండెల్ని అదిమే లోతైన చప్పుడు. ఉన్నట్టుండి మోత ఆగి ఒక ఆడగొంతు మాట్లాడింది. ఆమె చెయ్యి ముందు మెడ మీదికి పోయింది. మెడలో ఏమీ కదలడం లేదు. లోపల మాత్రం తను మాట్లాడుతోంది. ఎండలో నిలబడ్డ మనిషికి అరికాళ్ళ దాకా చలి పాకింది.

ఇంత జరుగుతున్నా ఆ వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆఖరి మాట దగ్గర తప్పు పట్టుకుంది. వాక్యం మధ్యలో పడాల్సిన ముక్కను తెచ్చి చివర అతికించారెవరో. దాంతో ఆ గొంతు మాట ముగించినట్టుండదు. ఇంకా ఏదో చెప్పబోయి ఆగినట్టు గాల్లో వేలాడుతుంది.

ఆమె షాపులోకి దూరి రేడియో వైపు వేలు చూపించింది. మంగలి సబ్బు చేత్తోనే తిరిగాడు. “అదా అమ్మా? డాన్సు పాటలు. ఎవడో కుర్రాడు తన రికార్డులు మోసుకొచ్చి వాయిస్తుంటాడు. చెవులు చిల్లులు పడిపోతాయి, కానీ గిరాకీలకు ఇష్టం.”

రేడియో ఆఫీసుకు పోయి ఆ కుర్రాణ్ణి పట్టుకుంది. వాడు ఆమె పలక చదివి తల గోక్కున్నాడు. ఆ రికార్డుకు పేరు లేదట. మధ్యలో ఉత్త తెల్ల లేబులు. ఎవరో ఊరూపేరూ లేనివాళ్ళు రైల్లో వినిపించే గొంతును దొంగచాటుగా పట్టుకుని, దానికి డప్పులు కట్టి, కొద్ది ప్లేట్లు అచ్చేసి వదిలారట. వాడు సీడీలకు మారిపోయి, ఆ వారమే ఉన్న రికార్డులన్నీ తలా కొన్నిగా పాత సామాను కొట్లకు ఇచ్చేశాడు. ఏ కొట్టుకు ఏది పోయిందో వాడికే గుర్తు లేదు.

అలా మొదలైంది ఆమె తిరుగుడు. కాళ్ళరిగేలా తిరిగింది. పేరు లేని పాటను కొట్లో ఎలా అడగాలి? గొంతున్నవాళ్ళయితే కూనిరాగం తీసి వినిపిస్తారు. ఆమె బల్ల మీద వేళ్ళతో ఆ దరువు వాయించేది. కొట్టువాళ్ళు కాసేపు విని, “అన్నీ అలాగే ఉంటాయమ్మా,” అనేవాళ్ళు. అదీ నిజమే, డాన్సు పాటలకు గుండె చప్పుడొకటే. కాబట్టి తెల్ల లేబులున్న ప్లేటల్లా తీయించి, కొట్లో ఓ మూల బల్ల మీద పెట్టిన యంత్రంలో వేయించుకుని, చెవులకు హెడ్‌ఫోన్ తొడుగులు పెట్టుకుని నిలబడి వినేది. వినగా వినగా చూడటం కూడా వచ్చింది. ప్లేటును బల్బు కింద ఏటవాలుగా పట్టుకుంటే గీతలు మాట్లాడతాయి. డప్పులున్న చోట గీత గరుగ్గా, మసగ్గా ఉంటుంది. డప్పులు ఆగి గొంతొక్కటే ఉన్న చోట నున్నగా మెరుస్తుంది. ఆమె ఆ మెరుపు కోసం వెతికేది. మెరుపు ఉన్నవల్లా వినేది. ఎవరెవరివో గొంతులు. తనది మాత్రం కాదు.

మంగలి షాపు కింద, మెట్లు దిగితే ఒక నేలమాళిగ కొట్టు ఉండేది. దాన్ని నడిపేవాణ్ణి అందరూ ముళ్ళాయన అనేవాళ్ళు, గ్రామఫోను ముళ్ళు ఆ చుట్టుపక్కల ఆయన దగ్గరే దొరుకుతాయి గనక. మనిషి మెత్తనివాడే, వసపిట్ట. రోజంతా ఆ తేమ గోడల మధ్య ఒక్కడే కూర్చుంటాడేమో, ఎదురు మాట్లాడని శ్రోత దొరికేసరికి ఆయన ప్రాణానికి హాయిగా ఉండేది. ఆమె వచ్చిందంటే కుర్చీ తుడిచి వేసేవాడు.

“మీరు వెతికేది రైలావిడ ప్లేటు కాదు కదా?” అన్నాడు ఒకరోజు. ఆమె ఉలిక్కిపడి తలెత్తింది. “దాన్ని చాలామంది అడుగుతారు లెండి. దాంట్లో మాట్లాడే ఆవిడ చచ్చిపోయిందట తెలుసా? ఆ రైలు కిందే పడి. పడ్డ రోజు చెప్పిన మాటలే అవి అంటారు. అందుకే చివర మాట పూర్తవకుండానే తెగిపోతుందట. నేను వినలేదమ్మా, విన్నవాళ్ళు చెప్పారు. డాన్సు హాల్లో ఆ ముక్క వచ్చేసరికి దీపాలు ఆర్పేస్తారట. అంతమందీ గప్‌చుప్.”

ఆమె పలక తీసి రాసింది. “ఎప్పుడు చచ్చిపోయింది?”

“మూడు నాలుగేళ్ళు అయుంటుంది. వయసులో ఉన్న మనిషే, పాపం. మొగుడితో గొడవట.”

ఆమె భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చప్పుడు లేని నవ్వు. ఏడుస్తోందనుకుని ముళ్ళాయన కంగారుగా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె నీళ్ళు తాగి ఇంటికి పోయింది. దారిలో మాత్రం నవ్వు రాలేదు. మూడు నాలుగేళ్ళంటే సరిగ్గా ఆపరేషను నాటి సంగతే. ఊరంతా కలిసి లెక్క సరిగ్గానే కట్టిందే అనిపించి, నడుస్తూ నడుస్తూ ఒకచోట గోడ పట్టుకుని ఆగింది. తను ఉన్నట్టా, లేనట్టా అని ఒక అరక్షణం ఆమెకే అనుమానం వచ్చింది.

ఇంట్లో కూతురు పిల్ల బట్టలకు పేరు గుడ్డలు కుడుతోంది, ఆ పగటిపూట ఉంచుకునే చోట అడిగారట. “సోమవారం నుంచి వెళ్తుందమ్మా,” అంది. చిన్నది తల్లి మోకాళ్ళ మధ్య నుంచి తొంగిచూసి, మెడ గుడ్డ కనబడగానే మొహం దాచుకుంది.

మర్నాడు ఆమె మళ్ళీ ముళ్ళాయన కొట్టుకే పోయింది. వెతకని పెట్టె లేదు. మిగిలింది తలుపు పక్కన అట్టపెట్టె ఒక్కటే, అందులో కొన్నవాళ్ళు తిరిగి తెచ్చి పడేసిన ప్లేట్లు ఉంటాయి. అందులో అడుగున ఉన్న తెల్ల లేబులు ప్లేటును ఆమె ఇదివరకు కూడా తీసి విన్నదే. డప్పులు ఈడ్చుకుంటూ నడుస్తాయి. మధ్యలో మొగగొంతు ఒకటి, బావిలోంచి మూలిగినట్టు, మాట మాటకూ బురద అంటుకున్నట్టు వస్తుంది. ఒళ్ళు గగుర్పొడిచి ముల్లు ఎత్తేసేది. కొన్నవాళ్ళంతా అందుకే తిరిగి తెచ్చేవాళ్ళు. ముళ్ళాయన దానికి దెయ్యం ప్లేటు అని పేరు పెట్టాడు.

ఇంకేమీ దొరక్క, ఊరికే దాన్నే మళ్ళీ వేయించుకుంది. మనసు ఎక్కడో ఉంది. ఆ గొంతు మూలుగుతూ మూలుగుతూ చివరి మాటకు వచ్చి, దాన్ని కిందికి దించకుండా గాల్లో వేలాడదీసింది.

ఆమె కళ్ళు తెరిచింది. మధ్యలో పడాల్సిన ముక్క చివర పడింది. అలాంటి తప్పు ఈ లోకంలో రెండు చోట్ల జరగదు. ముల్లు వెనక్కి పెట్టించి మళ్ళీ వింది. మాటకూ మాటకూ మధ్య ముక్కుతో తీసిన ఊపిరి. ఎవరి ఊపిరి అది? ఆమె పలక మీద గీకింది. “వేగం పెంచండి.”

“పెంచడానికి లేదమ్మా,” అన్నాడు ముళ్ళాయన. యంత్రం పక్కన వేగం మార్చే మీట మీద గాయాలకు వేసే ప్లాస్టరు అంటించి ఉంది. “కుర్రాళ్ళు ఊరికే తిప్పి పాడుచేస్తున్నారని మూసేశాను. అయినా పెద్ద ప్లేటు నిమిషానికి ముప్ఫైమూడు చుట్లే తిరగాలి. నలభైఐదులో తిరిగేవి ఆ చిన్న ప్లేట్లు కదా. ఇంతింత ప్లేటును నలభైఐదులో ఎవరు తిప్పుతారు?”

డాన్సు ప్లేట్లు కొన్ని పెద్దవైనా నలభైఐదులోనే తిప్పాలి. చప్పుడు బలంగా ఉంటుందని అలా అచ్చేస్తారు, లేబులు మీద ఆ సంగతి రాస్తారు. ఇక్కడ లేబులు తెల్లగా, ఖాళీగా ఉంది. పైగా ఆ ప్లాస్టరు. ఆమె ఆయన అనుమతి కోసం ఆగలేదు. గోరుతో ప్లాస్టరు చివర లేపి, చర్రున పీకి, మీట తిప్పింది. చెవి తొడుగుల తీగ కూడా పీకేసింది, చప్పుడు కొట్టంతా నిండింది.

డప్పులు ఒళ్ళు విరుచుకుని పరుగందుకున్నాయి. మూలుగు కరిగి, సన్నబడి, నీళ్ళలోంచి పైకి తేలినట్టు ఒక ఆడగొంతు బయటికి వచ్చింది. నిండుగా, తేటగా, ఏ దిగులూ లేకుండా.

“తలుపులు మూసుకుంటున్నాయి. దయచేసి దూరంగా జరగండి...”

ముళ్ళాయన పెట్టె వైపు వంగాడు. “రైలావిడ,” అన్నాడు గుసగుసగా. “ఇన్నాళ్ళూ నా కొట్లోనే ఉందా? చచ్చిపోయిన మనిషి...”

ఆమెకు ఆ మాటలేవీ ఎక్కలేదు. ‘త’ ఎంత చక్కగా పడింది! ‘మూసుకుంటున్నాయి’లో సున్నా ఎంత గుండ్రంగా పలికింది! బల్ల అంచు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, ఆ గొంతు వస్తున్న చెక్కపెట్టెను నిమిరింది. తరవాత ఆయన వైపు తిరిగింది. సంచిలోంచి పరికరం తీసి, గుడ్డ పక్కకు జరిపి, మెడకు ఆనించింది.

“అది నేనే,” అంది రేకు డబ్బా రొదతో. పక్కనే చెక్కపెట్టెలోంచి అదే మనిషి, వయసులో ఉన్న గొంతుతో, దయచేసి అంటోంది.

ముళ్ళాయన రెండడుగులు వెనక్కి వేసి, కుర్చీ తగిలి, దాంట్లోనే కూలబడ్డాడు. పెట్టె వైపొకసారి, ఆమె వైపొకసారి చూశాడు. ఇద్దరిలో ఎవరికి భయపడాలో పాపం ఆయనకు అంతు చిక్కలేదు. తరవాత లేచి, ప్లేటునూ, తన దగ్గరున్న చిన్న యంత్రాన్నీ గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఆమె పర్సు తీస్తే, వద్దని దండం పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం. ముందుగదిలో కిటికీ కింద స్టూలు మీద ఆ చిన్న యంత్రపు పెట్టె పెట్టారు. కూతురికి ముందే ఒకసారి వినిపించింది. మొదటి మాటకే కూతురు “అమ్మా!” అని తల్లిని గట్టిగా వాటేసుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ గొంతుతోనే తనకు జోకొట్టింది, తిట్టింది, అన్నం తినమని బతిమాలింది. ఏడుపు తగ్గాక మరోసారి వింది. ఈసారి కూతురి మొహం కాస్త వాడింది.

“అమ్మా, ఇందులో ఇంకేమీ లేదా? వేరే మాటలు?” అని అడిగింది మెల్లగా.

“ఇంకేం కావాలి?” అని పలక మీద రాసింది తల్లి. ఆ కళ్ళలో వెలుగు చూసి కూతురు పిల్ల కోసం లోపలికి వెళ్ళింది.

చిన్నదాన్ని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టారు. అమ్మమ్మ ఎదురుగా ఉండేసరికి అది ముడుచుకుపోయింది. ముల్లు ప్లేటును తాకింది. డప్పులు మొదలవగానే చిన్నది తలెత్తింది. లేచి నిలబడింది. మోకాళ్ళు వంచి, లేచి, వంచి, లేచి, దరువుకు ఊగడం మొదలుపెట్టింది. అమ్మమ్మ ఉన్న గదిలో అది నవ్వడం అదే మొదలు. ఆమె ఊపిరి బిగబట్టింది. మెడ గుడ్డ కూడా కదలలేదు.

డప్పులు ఆగాయి. గొంతు మాట్లాడింది.

చిన్నది కళ్ళు విప్పార్చుకుని పెట్టెవైపు చూసింది. “ఎవరూ?” అంది.

“అమ్మమ్మ రా,” అంది కూతురు పక్కన కూర్చుని. “అమ్మమ్మ మాట్లాడుతోంది. విను.”

చిన్నది విన్నది. భయం లేదు, ఏడుపు లేదు. ఒళ్ళంతా చెవులు చేసుకుని, ఎవరో తనకు ముద్దుగా పని చెబుతున్నట్టు విన్నది. “దూరంగా జరగండి...” అని గొంతు గాల్లో ఆగింది. చిన్నది బుద్ధిగా ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆమెకు ఆనందం పట్టలేదు. వింటోంది! నా గొంతు వింటోంది! నేల మీద ముందుకు జరిగి కూర్చుంది. గొంతు మళ్ళీ అదే చెప్పింది. చిన్నది నవ్వుతూ ఇంకో అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ చెప్పింది. ఇంకో అడుగు. కూతురు అరచేత్తో నోరు మూసుకుంది.

కూతురి మొహం చూశాక గానీ ఆమెకు తెలియలేదు. తన గొంతు ఎన్ని వేలసార్లు పలికిన మాటలో అవి. వాటికి ఒక అర్థం ఉందని, తను ఇన్నేళ్ళూ ఆ ఊరినంతా దూరంగా జరగమనే చెబుతూ వచ్చిందని ఆమెకు అప్పుడు తట్టింది.  గబగబా రెండు చేతులూ చాచింది. రమ్మని వేళ్ళు ఆడించింది. చిన్నది ఆ చేతుల వైపు చూసింది. ఎప్పటిలా కెవ్వుమనలేదు. అడ్డంగా తలూపి, తెలియనివాళ్ళకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది.

“ఊహూ. అమ్మమ్మ జరగమంది.”

కూతురు ముల్లు ఎత్తడానికి లేవబోయింది. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది. ఎత్తేస్తే ఆ నవ్వు ఉండదని ఆమెకు తెలుసు. గొంతు మళ్ళీ మళ్ళీ, తేటగా, మర్యాదగా చెబుతూనే ఉంది. చిన్నది జరిగి జరిగి అటు గోడకు వీపు ఆనించింది. ఒకసారి వెనక్కి తిరిగి గోడను తడిమి చూసుకుంది. తరవాత గదికి ఆ చివరినుంచి పెట్టెకు వినబడేలా గట్టిగా అడిగింది.

“గోడ వచ్చేసింది అమ్మమ్మా! ఇంకెక్కడికి జరగాలి?”

అమ్మమ్మా అని ఆ పిల్ల పిలవడం పుట్టాక అదే మొదటిసారి. పరికరం ఆమె ఒళ్ళోనే, కొంగు కింద ఉంది. మెడకు ఆనించి ‘రా’ అనడానికి ఎంతసేపు పడుతుంది? చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. చిన్నది ఆమె వైపు చూడటం లేదు. ఆశగా, నవ్వుమొహంతో, పెట్టె ఏం చెబుతుందా అని చూస్తోంది. ఆమె పరికరాన్ని నేల మీద పెట్టి, మెల్లగా తనూ పెట్టెవైపు తిరిగి, జవాబు కోసం చెవి ఒగ్గి కూర్చుంది.